పాట ఏ స్టేషన్‌లో బుక్ అయింది? చేజారిన ప్రేమ పాట చరిత్ర రాబట్టే పద్ధతి

మూడేళ్ల క్రితం మా సత్యనారాయణపురంలో ఒక మిత్రుడి మేడమీద పాతికమంది ముందు పరువు పోగొట్టుకున్నాను. మేమంతా రైల్వేలో పనిచేసి పదవీ విరమణ చేసినవాళ్లం. నెలకొకసారి చేరుతాం. ఎవరో ఒకరు తమకు ఇష్టమైన పాట వినిపించి దాని కథ చెబుతారు. టీ, పునుగులు ఉంటాయి. నా వంతు వచ్చినప్పుడు, అమెరికాలోని టెనెసీ రాష్ట్రం పేరు పెట్టుకున్న ‘టెనెసీ వాల్ట్జ్’ అనే పాట వినిపించి, “1950లో ప్యాటీ పేజ్ రాసి పాడిన పాట ఇది” అని గొంతు సవరించుకుని మరీ ప్రకటించాను. మిత్రుడి మనవడు ఇంటర్ చదువుతున్నాడు. ఫోనులోంచి తలెత్తకుండానే, “తాతగారూ, ఆవిడ రాయలేదండి. 1950 కూడా కాదు, అంతకు రెండేళ్ల ముందే వేరేవాళ్ల రికార్డులు వచ్చేశాయి” అన్నాడు.

నేను ముప్ఫై నాలుగేళ్లు పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా చేసినవాణ్ణి. ఏ మూట ఎక్కడ బుక్ అయింది, ఎక్కడ బండి మారింది, ఎవరి చేతికి అందింది అన్నది వే బిల్లు చూసి చెప్పడమే నా ఉద్యోగం. మార్కా సరిచూడకుండా ఒక్క మూట కూడా గేటు దాటనివ్వలేదు. అలాంటివాణ్ణి పాట దగ్గరకు వచ్చేసరికి కాగితం చూడకుండానే సరుకు అప్పగించేశాను. ఆ సాయంత్రం నుంచి పాటలకు కూడా వే బిల్లు రాయడం మొదలుపెట్టాను. మీకు ఇష్టమైన పాట చరిత్ర చెప్పాలన్నా, రాయాలన్నా ఆ పద్ధతి పనికొస్తుంది. ఉదాహరణకు నా పరువు తీసిన పాటనే తీసుకుంటాను.

ఈ పాట నా దగ్గరకు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. బెజవాడ రైల్వే క్వార్టర్లలో మా పక్కిల్లు ఆంగ్లో ఇండియన్ కుటుంబానిది. ఆయన ఇంజను డ్రైవరు. ఆవిడను పిల్లలందరం ఆంటీ అని పిలిచేవాళ్లం. ఆదివారం చర్చి నుంచి వచ్చాక వరండాలో గ్రామఫోను పెట్టేవారు. కీ తిప్పే పని నాది. అందుకు కూలీ ఒక ముక్క కేకు. ఈ పాట వచ్చినప్పుడు మాత్రం ఆవిడ కుట్టుపని పక్కన పెట్టి కూర్చునేవారు. “ఇది ప్యాటీ పేజ్ సొంత కథ బాబూ, ఆవిడే రాసుకుంది” అనేవారు. అరవై ఏళ్లు నేను దాన్ని వేదంలా నమ్మాను. కాబట్టి మీ పుస్తకంలో మొట్టమొదటి పంక్తిగా, పాట మీకు ఎవరి ద్వారా వచ్చిందో, వాళ్లు ఏం చెప్పారో రాసుకోండి. తప్పు ఎక్కడ మొదలైందో తర్వాత అక్కడే దొరుకుతుంది.

తర్వాత ఫోను, పుస్తకాలు అన్నీ పక్కన పెట్టి పాటను మూడుసార్లు వినండి. విన్నాక కథను నాలుగు వాక్యాల్లో తెలుగులో చెప్పుకోండి. పాటను అనువాదం చేయమని కాదు, సంగతి చెప్పమని. ఈ పాట సంగతి ఇది: ప్రియుడితో నాట్యం చేస్తుండగా ఒక పాత స్నేహితురాలు కనిపించింది. ఇద్దరికీ పరిచయం చేశాను. వాళ్లిద్దరూ నాట్యం చేస్తుండగానే ఆమె అతన్ని ఎగరేసుకుపోయింది. ఆ రాత్రీ, ఆ పాటా గుర్తున్నాయి, ఎంత పోగొట్టుకున్నానో ఇప్పుడు తెలిసింది. అంతే. తిట్లు లేవు, శాపనార్థాలు లేవు. దీన్ని విరహ గీతం అని రాస్తారు కొందరు. నేను ఒప్పుకోను. విరహంలో తిరిగి వస్తారన్న ఆశ ఉంటుంది. ఇక్కడ తలుపు మూసుకుపోయింది.

సంగతి ఇలా విడదీస్తేనే ఒక చిత్రం బయటపడుతుంది. ఆ రాత్రి వాళ్లు నాట్యం చేసిన పాట పేరు టెనెసీ వాల్ట్జ్. మనం వింటున్న పాట పేరూ అదే. కానీ ఈ పాట ఆ రాత్రి గురించి చెబుతోంది కాబట్టి ఆ రాత్రి మోగింది ఇది కాదు. ఆ అసలు పాట మనకు ఎప్పటికీ వినిపించదు. సభలో ఈ ఒక్క మాట చెప్పి చూడండి, పునుగులు తినేవాళ్లు కూడా ఆగి వింటారు.

ఇక లయ. మోకాలి మీద చెయ్యి వేసి లెక్కపెట్టండి. వాల్ట్జ్ అంటే జంటగా గుండ్రంగా తిరుగుతూ మూడు దెబ్బలకు వేసే నాట్యం. మనవాళ్లకు తిశ్రగతి అంటే వెంటనే అర్థమవుతుంది: తకిట, తకిట. లయ ఎందుకు చూసుకోవాలంటే, ఇదే పాటను 1964లో సామ్ కుక్ అనే గాయకుడు పాడినప్పుడు ఆ తిశ్రం వదిలేసి చప్పట్లు కొట్టించే నాలుగు దెబ్బల నడక పట్టాడు. మాటలు అవే, దుఃఖం మాత్రం ఎటో వెళ్లిపోయింది. పేరు చూసి అదే పాట అనుకుంటే సరిపోదు.

ఇప్పుడు కాగితాల పని. పాత గ్రామఫోను రికార్డు మీ దగ్గర ఉంటే మధ్యలో ఉండే గుండ్రటి చీటీని భూతద్దంతో చదవండి. పాడినవారి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పాట పేరు కిందే, కుండలీకరణాల్లో, చీమల్లాంటి అక్షరాల్లో రాసినవారి ఇంటిపేర్లు ఉంటాయి. నేనూ, ఆంటీ ఇద్దరం పెద్ద అక్షరాలే చదివాం. చిన్న అక్షరాల్లో ఉండవలసిన పేర్లు రెండు: మాటలు రాసిన స్టీవర్ట్, బాణీ కట్టిన కింగ్. చీటీ మీద అమ్మకపు నంబరు కూడా ఉంటుంది. ప్యాటీ పేజ్ రికార్డుకు మెర్క్యురీ కంపెనీ ఇచ్చిన నంబరు 5534. చీటీకీ చివరి గీతకూ మధ్య నునుపైన చోట చెక్కిన మరో నంబరు కనిపిస్తుంది. అది సాధారణంగా రికార్డింగు నంబరు. అమ్మకపు నంబరు అంగడిలో సరుకుది, చెక్కిన నంబరు స్టూడియోలో పుట్టుకది. వెతికేటప్పుడు రెండోదే ఎక్కువ పనికొస్తుంది.

రికార్డు లేకపోతే బెంగ పడకండి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖ పాత అమెరికన్ రికార్డింగుల పట్టికను అంతర్జాలంలో ఉచితంగా ఉంచింది. ఏ కంపెనీ, ఏ రోజు, ఏ ఊళ్లో, ఏ నంబరుతో రికార్డు చేసిందో చూడవచ్చు. అమెరికా ప్రభుత్వం అచ్చువేసిన కాపీరైట్ నమోదుల సంపుటాలూ, ఏ పాట ఎంత ఆదరణ పొందిందో వారంవారం పట్టికలు వేసిన బిల్‌బోర్డ్ పత్రిక పాత సంచికలూ పుటలకు పుటలుగా దొరుకుతాయి. కళ్లజోడు తుడుచుకుని కూర్చోవాలి, అంతే. నేను రాత్రి భోజనమయ్యాక గంటసేపు చూస్తాను. మా ఆవిడ దీనికి ‘నైట్ డ్యూటీ’ అని పేరు పెట్టింది.

పుస్తకంలో ఐదు గడులు గీయండి. రాసింది ఎప్పుడు, రికార్డు చేసింది ఎప్పుడు, అంగట్లోకి వచ్చింది ఎప్పుడు, జనం నోట పడింది ఎప్పుడు, ఈ సంగతి చెప్పింది ఎవరు. పాటల చరిత్రలో నేను చూసిన తప్పుల్లో ముప్పావు వంతు మొదటి నాలుగు గడులనూ ఒకటిగా కలిపేయడం వల్ల వచ్చినవే. మన పాట గడులు నింపితే ఇలా ఉంది: రాసింది 1946. పీ వీ కింగ్ బృందం రికార్డు చేసింది 1947 డిసెంబరు. ఆ బృందం రికార్డూ, అదే బృందంలో ఒకప్పుడు పాడిన కౌబాయ్ కోపాస్ విడిగా చేసిన రికార్డూ కంట్రీ పాటల, అంటే అమెరికా పల్లె బాణీల, పట్టికలోకి ఎక్కింది 1948. ప్యాటీ పేజ్ పాడింది 1950 నవంబరు. దేశమంతా ఊగిపోయింది ఆ ఏడాది చివరి నుంచి 1951 మొదటి నెలల దాకా. నేను ఆ రోజు నాలుగో గడిలోని సంగతిని మొదటి గడిలో పెట్టి చెప్పాను. డెలివరీ అయిన స్టేషన్నే బుక్ అయిన స్టేషన్ అనుకున్నాను.

అన్నట్టు, మన విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. ఆ పాట పట్టికలోకి ఎక్కిందీ, మన రేడియో మొదలైందీ ఒకే ఏడాది. దీనివల్ల చరిత్రకు ఒరిగేదేమీ లేదు. కానీ మా మేడమీద ఈ మాట చెబితే నలుగురు ముందుకు జరిగి కూర్చున్నారు. దూరపు పాటకు దగ్గరి మేకు ఒకటి కొట్టుకోవడం మంచిది.

పేర్ల వెనక మనుషుల్ని కూడా చూడాలి. పీ వీ కింగ్ అసలు ఇంటిపేరు కుచిన్‌స్కీ. పోలెండు మూలాలున్న కుటుంబం, పుట్టింది ఎక్కడో ఉత్తరాన విస్కాన్సిన్‌లో, 1914లో. వాయించేది అకార్డియన్. టెనెసీ పేరుతో లోకమంతా తిరిగిన పాటకు బాణీ కట్టినవాడు టెనెసీవాడే కాదు! మాటలు రాసిన రెడ్ స్టీవర్ట్ మాత్రం టెనెసీలోనే పుట్టాడు. కింగ్ బృందంలో పాడేవాడు, ఫిడేలు వాయించేవాడు. ప్యాటీ పేజ్ అసలు పేరు క్లారా ఆన్ ఫౌలర్, ఓక్లహోమా అమ్మాయి.

ఇప్పుడు అందరికీ ఇష్టమైన చోటికి వచ్చాం. ప్రతి గొప్ప పాట చుట్టూ ఒక పిట్టకథ ఉంటుంది. దీనికీ ఉంది. 1946లో కింగ్, స్టీవర్ట్ బండిలో టెనెసీ రాజధాని నాష్‌విల్ వైపు వస్తున్నారు. రేడియోలో బిల్ మన్రో పాడిన ‘కెంటకీ వాల్ట్జ్’ వచ్చింది. కెంటకీకి వాల్ట్జ్ ఉంది, టెనెసీకి ఎందుకు లేదని ఒకరు అన్నారు. కింగ్ బృందం ప్రతి కార్యక్రమంలోనూ వాయించే ఒక వాల్ట్జ్ బాణీ ఉంది. దానికి మాటలు లేవు, పేరు కూడా లేదు కాబట్టి ‘పేరులేని వాల్ట్జ్’ అనేవారు. స్టీవర్ట్ ఒక అగ్గిపెట్టె విప్పి, దాని మీద ఆ బాణీకి మాటలు రాసేశాడట.

పిట్టకథను పారేయకండి, అలాగని నిజమని రాసేయకండి. మూడుసార్లు తట్టి చూడండి, కొబ్బరికాయను తట్టినట్టు. మొదటిది, చెప్పింది ఎవరు? ఇది కింగ్ స్వయంగా చెబుతూ వచ్చిన కథ, అంటే పాటలో వాటా ఉన్న మనిషి మాట. రెండోది, తేదీలు అతుకుతాయా? మన్రో కెంటకీ వాల్ట్జ్ పట్టికలోకి వచ్చింది 1946లోనే. అతుకుతుంది. మూడోది, అది జరగగలిగే పనేనా? దీనికోసం నేనే వంటింట్లోంచి పెద్ద అగ్గిపెట్టె తెచ్చి, మడతలు విప్పి, బాల్ పెన్నుతో పాట మొత్తం రాసి చూశాను. పాట చిన్నది. లోపలి పక్క నిండాక ఇంకో రెండు పంక్తులు బయట అంచున పట్టాయి. కదిలే బండిలో కూర్చుని రాస్తే అక్షరాలు వంకర పోతాయేమో కానీ పని మాత్రం జరుగుతుంది. అగ్గిపుల్లలు గిన్నెలో పోసినందుకు ఇంట్లో మాటలు పడ్డాను, అది వేరే సంగతి. కాబట్టి ఐదో గడిలో ‘కింగ్ మాట, తేదీకి అతికింది’ అని రాశాను. ‘నిజం’ అని రాయలేదు.

అగ్గిపెట్టె కన్నా నాకు నచ్చిన సంగతి మరొకటుంది. పాటను ప్రచురణకర్త ఫ్రెడ్ రోజ్ దగ్గరకు తీసుకువెళ్లారు. గాయకుడు రాయ్ అకఫ్‌తో కలిసి 1942లో నాష్‌విల్‌లో అకఫ్ రోజ్ అనే ప్రచురణ సంస్థ పెట్టినవాడు. మధ్యలో పాట పేరునే రెండుసార్లు పలికే పంక్తి ఒకటి ఉండేదట. ఆయన దాన్ని తీసేసి, ఆ రాత్రిని తలచుకునే పంక్తి పెట్టాడని చెబుతారు. పాట గుండెకాయ అక్కడే ఉందని నా అభిప్రాయం. చీటీ మీద మాత్రం ఆయన పేరు లేదు. కాబట్టి రాసినవాళ్లతో ఆగకండి. దిద్దినవాళ్లు, అచ్చువేసినవాళ్లు ఎవరో చూడండి. పాట నడిచే దారి తరచుగా ప్రచురణకర్త లెక్కల పుస్తకం వెంట నడుస్తుంది. పల్లెల పాటలను పట్నపు గాయకుల చేత పాడిస్తే రాబడి ఉంటుందని అకఫ్ రోజ్‌కు ఈ పాటతో గట్టిగా తెలిసివచ్చింది.

పేరు ఉండటం, లేకపోవడం మనకు కొత్త కాదు. 1953 నాటి దేవదాసు పాటలకు తెరమీద సముద్రాల పేరుంటే, రాసింది మల్లాది రామకృష్ణశాస్త్రి అని వాదించే పెద్దలు మా మేడమీదే ఇద్దరున్నారు. వాళ్ల గొడవ టీ చల్లారే దాకా సాగుతుంది. నా పుస్తకంలో ఇలాంటివాటికి రెండు వరసలు రాస్తాను: తెరమీది పేరు ఒకటి, పెద్దల మాట ఒకటి. ఒకదాన్ని కొట్టేసి రెండోది రాయను.

తర్వాత బండి మారిన జంక్షన్లు చూడాలి. మా భాషలో ట్రాన్స్‌షిప్‌మెంట్. కంట్రీ బండిలో బయలుదేరిన పాట ప్యాటీ పేజ్ దగ్గరకు ఎలా వచ్చింది? నల్లజాతి బృందనాయకుడు ఎర్స్‌కిన్ హాకిన్స్ దీన్ని తన పద్ధతిలో రికార్డు చేశాడు. బిల్‌బోర్డ్ పత్రికలో పనిచేస్తున్న జెర్రీ వెక్స్‌లర్ అది విని, ప్యాటీ పేజ్ మేనేజరు జాక్ రేల్‌కు, మీ అమ్మాయి చేత పాడించండి అని చెప్పాడు. ఈ మధ్య జంక్షను లేకుండా కథ చెబితే పాట నేరుగా ఎగిరివచ్చినట్టు ఉంటుంది. పాటలు అలా ఎగరవు, ఎవరో ఒకరు మోస్తారు.

ఆవిడ పాడినప్పుడు కూడా అది అసలు సరుకు కాదు. రికార్డుకు ముందు పక్క క్రిస్మస్ తాత మీద ఒక హుషారు పాట. పండగ అమ్మకాల కోసం తయారుచేసింది అదే. మన పాట వెనక పక్క నింపడానికి వేసింది. పండగ వెళ్లిపోయింది, వెనక పక్క మిగిలింది. ఒకే గొంతును మళ్లీ మళ్లీ రికార్డు చేసి, ఆవిడే తనకు తోడు పాడినట్టు వినిపించడం ఆ రికార్డు ప్రత్యేకత. ఆంటీ, “ఇద్దరు అక్కచెల్లెళ్లు పాడుతున్నట్టు ఉంటుంది” అనేవారు. ఇద్దరూ ఆవిడేనని నాకు తెలిసింది ఈ వెతుకులాటలోనే.

ఇంకో తేడా గమనించండి. రెడ్ స్టీవర్ట్ పాడినప్పుడు మాట్లాడేది మగవాడు, మోసం చేసింది అతని స్నేహితుడు. ప్యాటీ పేజ్ పాడేసరికి అది ఆడమనిషి కథ అయింది. ఇంగ్లీషులో ఒకటి రెండు చిన్న మాటలు మారిస్తే సరిపోయింది. తెలుగులో అయితే ఆమె, అతను అన్నచోటల్లా క్రియల చివరలు కూడా మార్చాలి. పాట ఎందరి గొంతుల్లోకో అంత తేలిగ్గా దూరిపోవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. జపానులో చియెమీ ఎరీ అనే పదిహేనేళ్ల అమ్మాయి 1952లో దీన్ని పాడే గాయనిగా పేరు తెచ్చుకుంది. 1965లో టెనెసీ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర గీతాల్లో ఒకటిగా స్వీకరించింది. స్నేహితురాలు ప్రియుణ్ణి ఎత్తుకుపోయిన కథ రాష్ట్ర గీతమా అని మా సభలో ఒకాయన అడిగారు. అయింది మరి.

అంకెల దగ్గర చెయ్యి కాల్చుకోకండి. ప్యాటీ పేజ్ పాట ఎన్ని వారాలు మొదటి స్థానంలో ఉంది? ఒకచోట 9 అని ఉంటుంది, మరోచోట 13. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఆ రోజుల్లో బిల్‌బోర్డ్ ఒకే పట్టిక వేసేది కాదు. దుకాణాల అమ్మకాలకు ఒకటి, రేడియోలో వేసినవాటికి ఒకటి, నాణెం వేస్తే పాట వినిపించే జూక్‌బాక్సుల్లో మోగినవాటికి ఒకటి. 9 అన్నది దుకాణాల లెక్క. అంకె రాసినప్పుడల్లా పక్కన పట్టిక పేరు రాయండి. కాపీల సంఖ్య గురించి నేను ‘లక్షల్లో’ అనే రాస్తాను. కంపెనీలు చెప్పుకునే అంకెలు, ఆ కంపెనీల ప్రకటనల్లాగే, పండగకు ఒక రకంగా ఉంటాయి.

పద్ధతి కుదిరిందో లేదో చూసుకోవడానికి ఇంకో పాట మీద ప్రయత్నించండి. నేను కంట్రీ గాయకుడు జార్జ్ జోన్స్ 1980లో పాడిన ‘హి స్టాప్‌డ్ లవింగ్ హర్ టుడే’ తీసుకున్నాను. చచ్చేదాకా ప్రేమిస్తానన్న మనిషి ఈరోజు ప్రేమించడం మానేశాడు అంటూ, అతను చనిపోయిన సంగతి నెమ్మదిగా తెలియజేసే పాట. రాసింది బాబీ బ్రాడక్, కర్లీ పుట్‌మన్. ఇంత దిగులు పాటను ఎవరు కొంటారని జోన్స్ విసుక్కున్నాడన్నది పిట్టకథ. తాగిన మత్తులో బాణీ తప్పి వేరే పాటలోకి జారిపోయేవాడన్నది నిర్మాత బిల్లీ షెరిల్ చెప్పిన మాట. అదే ఏడాది జులైలో కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లిందన్నది కాగితం. మూడూ మూడు వేర్వేరు వరసల్లో రాసుకుంటే కథ ఇంకా రుచిగా ఉంది. 2013లో జోన్స్ అంత్యక్రియల్లో మరో గాయకుడు అలన్ జాక్సన్ ఆ పాటే పాడాడు.

చివరి పని మన ఊళ్లోది. అక్కడి కాగితాలు ఎన్ని చూసినా, పాట ఇక్కడ ఎవరికి ఎప్పుడు చేరిందో వాటిలో ఉండదు. పెద్దవాళ్లను అడగాలి. అడిగేటప్పుడు “ఏ సంవత్సరం అండీ?” అని మాత్రం అడగవద్దు. వెంటనే ఏదో ఒక అంకె చెప్పేస్తారు, ఆ తర్వాత దానికే కట్టుబడతారు. “అప్పటికి మీ ఇంట్లో కరెంటు ఉందా? ఏ క్వార్టర్లో ఉండేవారు? దివిసీమ ఉప్పెనకు ముందా, తర్వాతా?” అని అడగండి. ఉప్పెన 1977 నవంబరు అని మనకు తెలుసు. మిగతాది మనమే లెక్క కట్టుకోవచ్చు. రేడియో సిలోన్‌లో విన్నారా, రికార్డు మీద విన్నారా అన్నది కూడా అడగండి. రేడియో అయితే ఎవరి ఇంట్లో రేడియో అన్నది తప్పకుండా అడగండి. ఆ రోజుల్లో వీధికి ఒకటి ఉండేది, అది ఎవరిదో అందరికీ గుర్తుంటుంది.

సభలో వినిపించేటప్పుడు నేను ముందు ప్యాటీ పేజ్‌ను వేస్తాను, ఎందుకంటే అందరికీ తెలిసింది అదే. తర్వాత వెనక్కి వెళ్లి కింగ్ బృందాన్ని, ఆఖరున సామ్ కుక్‌ను. పాట మాటలు మొత్తం అచ్చు వేసి పంచిపెట్టను. హక్కులున్న పాట అది. సంగతి మాత్రం తెలుగులో చెబుతాను. మొత్తం నలభై నిమిషాలు మించితే మావాళ్లు ఆఖరి బస్సు గురించి ఆలోచించడం మొదలుపెడతారు.

రెండోసారి అదే మేడమీద అదే పాట చెప్పడానికి ముందు ఆంటీకి ఫోను చేశాను. ఇప్పుడు కూతురి దగ్గర వేరే ఊళ్లో ఉన్నారు, తొంభై దాటాయి. పాట ప్యాటీ పేజ్ రాసుకున్నది కాదని చెప్పలేకపోయాను. రికార్డు ఎప్పుడు కొన్నారని మాత్రం, నా పద్ధతిలోనే, అడిగాను. “బ్యారేజీ మీద మీ అంకుల్‌తో మొదటిసారి నడిచాం చూడు బాబూ, ఆ వారమే” అన్నారు. ప్రకాశం బ్యారేజీ తెరిచింది 1957 డిసెంబరు చివర్లో. గడిలో ‘1957 చివర లేదా 1958’ అని రాసి, పక్కన ‘ఆంటీ మాట’ అని రాశాను.